కుడి భుజం

నా బొమ్మల్లో మనుషులు నేల మీద నిలబడరని నాకు ముప్పయ్యో ఏట తెలిసింది. అదీ ఒక ఇంటర్వ్యూలో, ఎదుటి కుర్చీలో కూర్చున్నాయన చెబితే.

అంతకుముందు మూడేళ్లు మాదాపూర్‌లో ఒక యానిమేషన్ ఆఫీసులో పనిచేశాను. కథలో మనుషుల వెనక కనిపించే గోడలు, చెట్లు, మబ్బులు గీయడం నా పని. ముందు నడిచే మనుషుల్ని గీసేవాళ్లు వేరే వరుసలో కూర్చునేవారు. వానలు మొదలైన రోజుల్లో మా వరుస మొత్తాన్ని ఒక గదిలోకి పిలిచి, ప్రాజెక్టు అయిపోయింది, రేపటి నుంచి రానక్కర్లేదు అన్నారు. వాళ్ల వరుసను మాత్రం ఉంచుకున్నారు. ఆ తర్వాత కాళ్లరిగేలా తిరిగాను. ఎక్కడికి వెళ్లినా మబ్బులు పక్కన పెట్టి మనుషుల్ని చూపించమనేవారు. ఉన్న నాలుగు బొమ్మలూ చూపిస్తే ఒకాయన పెన్సిల్ మొనతో కాళ్ల దగ్గర తట్టి, మీ మనుషులు గాల్లో వేలాడుతున్నారండీ, బరువు ఏ కాలి మీద ఉందో తెలియడం లేదు అన్నాడు. ఆయన అన్నది నిజం. నిజం కాబట్టే నాకు ఒళ్లు మండింది.

మా ఇల్లు యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో. పైన రెండు గదుల్లో అమ్మ, బాపు, నేను ముగ్గురం, కింద బాపు దర్జీ దుకాణం. పెళ్లి షేర్వానీలు, కోట్లు కుట్టడంలో మా తాత కాలం నుంచి ఆ దుకాణానికి పేరుంది. బట్ట మీద సుద్దతో గీత గీసి కత్తిరించేది బాపు. మిషన్ మీద కుట్టేది మేం చాచా అని పిలిచే పాత పనివాడు. నేను పుట్టకముందు నుంచీ ఆయన అక్కడే ఉన్నాడు. నన్ను మాత్రం బాపు ఎప్పుడూ కత్తెర ముట్టనివ్వలేదు. మావాడు ఏసీలో కూర్చుని బొమ్మలు గీస్తాడని కొలతలకు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆ మావాడు పొద్దున పదింటికి బనియన్‌తో మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

ఇల్లు మొత్తం బాపు ఒక్కడి పని మీద నడుస్తోంది. ఆయనకు అరవై దాటాయి. నాకు ఉద్యోగం కావాలి, త్వరగా కావాలి. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. అమ్మ అన్నం వడ్డిస్తూ, ఇయ్యాల ఏమన్న ఫోన్ వచ్చిందా అని మాత్రం అడిగేది. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి నేను అందరూ తిన్నాక వెళ్లి తినేవాణ్ని.

మనుషుల్ని గీయడం రావాలంటే ఎదురుగా మనిషిని పెట్టుకుని గీయాలి, వేరే దారి లేదు. మొదట స్టేషన్‌లో మొదలుపెట్టాను. లోకల్ రైలు కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్లను గీసేవాణ్ని. బొమ్మ సగంలో ఉండగా రైలు వచ్చేది, మనిషి లేచి వెళ్లిపోయేవాడు. నా దగ్గర తలలుండి కాళ్లు లేని మనుషులు డజన్ల కొద్దీ పోగయ్యారు. అసలే నా గొడవ కాళ్ల దగ్గర.

సరే అని గాజుల దుకాణాల వైపు వెళ్లాను. అక్కడ ఇంకో లొల్లి. రోడ్డు వెడల్పు చేస్తారని అప్పుడు పాతబస్తీలో ఎక్కడ చూసినా అదే మాట. చేతిలో అట్ట పట్టుకుని, ఒక కన్ను మూసి, చెయ్యి చాచి పెన్సిల్‌తో కొలతలు చూస్తూ నిలబడ్డవాణ్ని జనం ఏమనుకుంటారు? ఒక దుకాణం పెద్దాయన బయటికొచ్చి, మా గోడ ఎన్ని అడుగులు పోతది సాబ్ అని అడిగాడు. మనిషి బొమ్మ చూపించినా నమ్మలేదు. బలవంతంగా కూర్చోబెట్టి చాయ్ తాగించి, కొంచెం తగ్గించి రాసుకోమని బతిమాలాడు. ఉద్యోగం లేనివాడిని పట్టుకుని ఎవరో సాబ్ అనడం ఆ నెలలో అదొక్కటే. మర్నాడు నేను కనబడగానే గల్లీలో అందరూ చేతిలో పని వదిలేసి కొయ్యబారి నిలబడ్డారు. ఇక అటు వెళ్లలేదు.

నాలుగో నెలలో కొండాపూర్ నుంచి ఒక స్టూడియో జవాబిచ్చింది. మనుషుల్ని గీసే పనే. ఒకే మనిషిని, పని చేసుకుంటుండగా, కొన్ని వారాల పాటు చూసి గీసిన బొమ్మలు తెమ్మన్నారు. ప్రతి కాగితం మీద తేదీ ఉండాలి. రెండు నెలల గడువు ఇచ్చారు. అన్నాళ్లపాటు రోజూ నాకు దొరికే మనిషి ఎవరున్నారు, బాపు తప్ప?

భయపడుతూనే అడిగాను. ఆయన టేపు మెడలో వేసుకుంటూ, "నేను పని ఆపి నిలబడ. నా పని నేను జేస్కుంట, నీకు దొరికినంత గీస్కో" అన్నాడు. మర్నాటి నుంచి నేను పదకొండింటికి స్నానం చేసి, అట్టా పెన్సిళ్లూ పట్టుకుని కిందికి దిగడం మొదలుపెట్టాను. ఎన్నో నెలల తర్వాత నాకూ వెళ్లడానికి ఒక చోటు, ఒక టైము దొరికాయి. అది మా మెట్ల కిందే అయినా సరే.

ఆ రోజుల్లో నేను నిజంగానే నేర్చుకున్నాను. బాపు ఎత్తయిన కటింగ్ బల్ల ముందు నిలబడేవాడు. ఎడమ కాలు బల్ల కింది చెక్క మీద పెట్టి, బరువంతా కుడి కాలి మీద ఉంచేవాడు. అలా ఉన్నప్పుడు నడుము ఒకవైపు ఎత్తుగా ఉండి, వీపు దానికి ఎదురుగా వంగుతుంది. మెడ మళ్లీ ఇంకో వైపు. ముప్పై ఏళ్లు చూసిన మనిషిని నేను చూడనేలేదని నాకు అప్పుడు అర్థమైంది. రెండో వారానికి నా కాగితం మీద బాపు నేల మీద నిలబడ్డాడు. ఆ సాయంత్రం అమ్మ అడగకముందే వెళ్లి అందరితో కలిసి తిన్నాను.

ఇక్కడ బాపు పని గురించి ఒకటి చెప్పాలి. షేర్వానీకి కొలతలు తీసేటప్పుడు బాపు అంకెలు పైకి చెబుతాడు, చాచా పుస్తకంలో రాస్తాడు. మధ్యలో ఒక్కోసారి బాపు ఏమీ అనకుండా చాచా వైపు చూసి, గడ్డం అటో ఇటో కొద్దిగా తిప్పుతాడు. చాచా అంకె పక్కన చిన్న ఏటవాలు గీత గీస్తాడు. ఆ మనిషికి ఆ వైపు భుజం కిందికి ఉందని దాని అర్థం. అలాంటివాళ్లకు కోటులో ఆ భుజం కింద దూది కొంచెం మందంగా పెట్టి కుడతారు. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే రెండు భుజాలూ సమంగా కనిపిస్తాయి. ఇలా పెట్టామని ఆ మనిషికి ఎప్పటికీ చెప్పరు. పెళ్లికొడుకులు చాలామంది తమ భుజం వంకర అని తెలియకుండానే పెళ్లి చేసుకుని వెళ్లిపోయారు. చిన్నప్పుడు నేను ఎందుకు చెప్పరని అడిగితే, చెప్తే వానికేం లాభం, ఫికర్ పడుతడు గంతే అన్నాడు బాపు.

సాయంత్రం దుకాణం మూసే ముందు ఆ రోజు బొమ్మను బాపుకు చూపించేవాణ్ని. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, కొత్త బట్టను చూసినట్టు చూసేవాడు. మొదటి వారంలోనే ఒక రోజు, "కుడి భుజం దిగింది, సరి జెయ్యి" అన్నాడు. చూశాను. నిజమే, కుడి భుజం ఎడమ దానికంటే కిందికి ఉంది. నాకు సిగ్గేసింది. పాతబస్తీలో సగం మంది భుజాలు ఆ చేతుల కింది నుంచి వెళ్లాయి. ఆయన కంటికి తప్పు అనిపించిందంటే అది తప్పే. రబ్బరు తీసుకుని చెరిపి, భుజాన్ని పైకి జరిపాను.

మర్నాడు మళ్లీ అదే. ఆ మర్నాడూ అదే. మిగతా ఒళ్లంతా కుదురుతుంది, కుడి భుజం దగ్గరికి వచ్చేసరికి గీత కిందికి జారుతుంది. నా చేతికే ఏదో జబ్బు ఉందనుకున్నాను. పెన్సిల్ అడ్డంగా పట్టుకుని కొలిచాను, దారానికి బొత్తాం కట్టి వేలాడదీసి చూశాను. ఎలా చూసినా భుజం కిందికే కనిపించేది. ఒకరోజు విసుగొచ్చి, బాపు, అది కిందికే ఉంది, నేను చూసిందే గీస్తున్నా అని వాదించాను. చాచా మిషన్ ఆగింది. బాపు సుద్ద కింద పెట్టి, నా వైపు తిరిగి, నిటారుగా నిలబడి, "ఏది, ఇప్పుడు చూడు" అన్నాడు. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. చాచా మెల్లగా, "మాస్టర్ చెప్పినట్టు చెయ్ బేటా" అని మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత నేను వాదించలేదు. భుజం మామూలుగానే కిందికి వచ్చేది, చూపించే ముందు నేనే చెరిపి పైకి జరిపేవాణ్ని. బాపు చూసి తల ఊపేవాడు. ఇప్పుడు సక్కగున్నది అనేవాడు. ఆ మాట కోసం చిన్నపిల్లాడిలా ఎదురుచూసేవాణ్ని, చెప్పుకోవడానికి ఇప్పుడు మొహమాటమేం లేదు.

గడువు నాటికి ముప్పై ఒక్క బొమ్మలు తయారయ్యాయి. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని కొండాపూర్ వెళ్లాను. నన్ను చూసింది ఒకావిడ, నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. బొమ్మలు ఒక్కొక్కటే చూసింది. ఆరో దాని దగ్గర ఆగి, కాగితాన్ని కిటికీ వెలుతురులో పక్కకు వంచి చూసింది. తర్వాత అన్నిటినీ పెద్ద బల్ల మీద తేదీల వరుసలో పరిచింది.

"ఈ చెరిపేసిన గీత చూడండి. ఇదే కరెక్ట్‌గా ఉంది. దీన్ని ఎందుకు చెరిపారు?" అని అడిగింది.

మా నాన్న చెప్పాడని, ఆయన దర్జీ అని, ఒంటి కొలతలు ఆయనకు బాగా తెలుసని ఏదో చెప్పాను. ఆవిడ వినలేదు. ఒక్కో కాగితం మీద వేలు పెడుతూ మొదటి నుంచి చివరి దాకా వచ్చింది. అన్నిట్లోనూ ముందు కిందికి గీసి తర్వాత పైకి జరిపారు, కానీ చెరిపిన గీత వారం వారం ఇంకా కిందికి వెళ్లింది చూశారా అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఆయనకు కుడి చెయ్యి బాగానే ఉందా?"

బల్ల మీదికి వంగి చూశాను. ముప్పై ఒక్క మంది బాపులు. చివరి పది బొమ్మల్లో భుజం కింద చెయ్యి బట్టలా వేలాడుతోంది. మూడింట్లో చాయ్ గ్లాసు ఎడమ చేతిలో ఉంది. ఒకదాంట్లో కత్తెర పట్టుకున్న చేతిని ఇంకో చెయ్యి కింది నుంచి ఆపుకుంటోంది. అవన్నీ నేనే గీశాను, ఎదురుగా కూర్చుని, కన్ను మూసి, పెన్సిల్‌తో కొలిచి మరీ. కాగితాలు ఎలా పోగుచేసుకున్నానో, ఆవిడకు ఏం చెప్పి బయటికొచ్చానో గుర్తులేదు. యాకుత్‌పురా దాకా రైల్లో నిలబడే వచ్చాను, సీట్లు ఖాళీగానే ఉన్నా.

దుకాణంలో బాపు కొలతల పుస్తకం తిరగేస్తున్నాడు, ఎడమ చేత్తో. బల్ల మీది కత్తెర తీసి ఆయన ముందు పెట్టాను. ఒక్కసారి కత్తిరించి చూపించు బాపు అన్నాను. ఆయన నా మొహం చూసి, ఇంటర్వ్యూ ఏమైందిరా అన్నాడు. నేను కత్తెర చూపిస్తూనే నిలబడ్డాను. కుడి చేత్తో పట్టుకున్నాడు. బొటనవేలు కన్నంలో దూరింది గానీ రెక్కలు తెరుచుకోలేదు. కత్తెర బల్ల మీదికి జారిపోయింది.

చాచా లేచి వచ్చాడు. "రెండు నెలల సంది కటింగ్ మొత్తం నేనే చేస్తున్న బేటా, పొద్దుగాల నువ్వు లేవకముందు. నువ్వు మెట్లు దిగుతున్నవంటే మాస్టర్ కత్తెర చేతిల పట్టుకునేటోడు" అన్నాడు.

అంటే పని ఆపి నిలబడనన్న మనిషి రెండు నెలలూ నా కోసం నిలబడే ఉన్నాడు. ఉన్నదున్నట్టు గీసిన భుజాన్ని నా చేతనే చెరిపించాడు. పెళ్లికొడుకులకు చెప్పనట్టే నాకూ చెప్పలేదు. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఏడ్చాను.

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లాను. మెడ దగ్గర నరం నొక్కుకుపోయింది, చాలా నెలలుగా అలాగే ఉంది అన్నాడు డాక్టరు. ఆ డాక్టరే బాపు అరచెయ్యి తిప్పి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంట పడ్డ చోటు నాకు చూపించాడు. అక్కడి కండ కరిగిపోయింది. ఆపరేషన్ చేస్తే ఇంకా పాడవకుండా ఆపొచ్చు, పోయిన బలం మాత్రం తిరిగి రావడం కష్టం అన్నాడు. చెయ్యి తిమ్మిరెక్కడం మొదలైనప్పుడే వచ్చి ఉంటే వేరేగా ఉండేదని కూడా అన్నాడు. ఎప్పుడు మొదలైందని అడిగితే బాపు గోడ వైపు చూస్తూ, వానలప్పుడు అన్నాడు. వానలైపోయి, చలి కూడా సగం గడిచింది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీకు నౌకరి దొరకనీ, అప్పుడు చూపిచ్చుకుందామనుకున్న. ఇద్దరం ఇంట్ల కూసుంటే ఎట్ల నడుస్తది బిడ్డా" అన్నాడు.

ఆపరేషన్ అయింది. డాక్టరు చెప్పినట్టే, ఉన్నది ఆగింది, పోయింది రాలేదు. స్టూడియో నుంచి మెయిల్ వచ్చింది. మీ చూపు బాగుంది, చూసినదాన్ని నమ్మడం ఇంకా రావాలి, మళ్లీ ప్రయత్నించండి అని. అందులో ఒక్క మాట కూడా తప్పు లేదు. ఈసారి ఒళ్లు మండే ఓపిక కూడా లేకపోయింది.

ఇప్పుడు చెప్పబోయేది ఇంట్లో ఎవరికీ తెలియదు. బస్సెక్కి చాంద్రాయణగుట్ట వెళ్లాను. అక్కడ ఫ్లైఓవర్ పక్కన పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు వేసే దుకాణం ఒకటుంది. ఓనర్ కంప్యూటర్ మీద నుంచి తలెత్తి చూసి, నువ్వే గదా, అప్పుడు పిలిస్తే రానంటివి అన్నాడు. అవును, నేనే. ఉద్యోగం పోయిన రెండో నెలలో, వానల్లో, ఆయనే ఫోన్ చేసి రేపటి నుంచే వచ్చెయ్ అన్నాడు. నెలనెలా జీతం, ఇంటికి దగ్గర. నేను ఆర్టిస్టునని, పుట్టినరోజు ఫ్లెక్సీల్లో ఎవరి మొహాలో తెల్లగా చేయడానికి పుట్టలేదని మెట్ల మీద కూర్చుని నవ్వుకుని, వద్దన్నాను. ఆ ఫోన్ వచ్చిందని ఇంట్లో చెప్పలేదు. అన్నం దగ్గర అమ్మ అడిగితే ఏ ఫోనూ రాలేదన్నాను.

ఓనర్ మంచివాడు, ఇంకేం అనలేదు. చివర్లో ఉన్న కుర్చీ చూపించాడు.

ఆ సాయంత్రం ఉద్యోగం వచ్చిందని చెప్పాను. అమ్మ దేవుడి ముందు దీపం పెట్టడానికి లోపలికి వెళ్లింది. బాపు మంచం మీద లేచి కూర్చుని, ఎక్కడ, ఏం పని అని అన్నీ అడిగాడు. నెలల తర్వాత ఆయన మొహంలో నవ్వు చూశాను. ఎడమ చెయ్యి చాచి నా వీపు మీద వేసి, అక్కడే ఉంచాడు.

"దొరికింది గదా, గంతే చాలు. జెర ముందుగాల దొరికుంటే… పోనీ. అప్పుడు ఎవ్వలూ పిలువకపాయె, నువ్వు మాత్రం ఏం జేస్తవ్ బిడ్డా" అన్నాడు.

"అవును బాపు, ఎవ్వలూ పిలువలే" అన్నాను.